బల్లమీది తపాలా: కంప్యూటరు తెరపై కబుర్ల చరిత్ర

ఉగాదినాడు దూరాన ఉన్న బంధువులకు మన క్షేమం తెలుపుకోవడం, వారి క్షేమం కనుక్కోవడం ప్రవాసంలో ఉన్నవారికి పచ్చడి రుచి చూచినంత ముఖ్యమైన విధి. ఆ విధిని మన పెద్దలు కార్డుముక్కతోనూ, ఇన్లాండు కవరుతోనూ నెరవేర్చుకున్నారు. తొందర పనిబడితే టెలిగ్రాము ఇచ్చారు. ఆ తరువాతివారు రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గే వేళకు ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలబడి, కళ్ళు మీటరు మీద పెట్టుకుని మాట్లాడారు. మన దేశంలో టెలిగ్రాము 2013 జూలైలో నిలిచిపోయింది. బూతులూ కనుమరుగైనాయి. నేడు ఆ పని కంప్యూటరు తెరమీదా, చేతి ఫోనులోనూ రెప్పపాటులో జరిగిపోతున్నది. అంత సులువుగా జరిగిపోతున్నది గనుకనే దానికొక చరిత్ర ఉన్నదన్న ఊహ మనకు సాధారణంగా తట్టదు.

మారతహళ్ళిలో కాపురమున్న తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. ఔటర్ రింగు రోడ్డు పొడవునా, వైట్‌ఫీల్డు వరకూ ఉన్న కార్యాలయాలలో పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవారే మనలో అధిక సంఖ్యాకులు. శుక్రవారం సాయంత్రమైతే తిరుపతి, నెల్లూరు, విజయవాడ, హైదరాబాదు పోయే బస్సుల కోసం మారతహళ్ళి వంతెన దగ్గర సంచులతో నిలబడేవారూ వీరే. ఊరికి పోలేని వారాల్లో ఊరిని తెరమీదికి రప్పించుకోవడమే వీరికి ఊరట. కనుక ఆ తెర మీదికి మాట ఎట్లా వచ్చింది, తెలుగు అక్షరం ఎట్లా వచ్చింది, ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్న సంగతిని ఈ సంచికలో స్థూలంగా ముచ్చటించుకోవడం సందర్భోచితమని తలుస్తాను.

చెప్పదలచిన అసలు మాట ముందే చెబుతాను. కంప్యూటరులో తెలుగు అక్షరం స్థిరపడింది. తెలుగువారి సంభాషణ మాత్రం అద్దె ఇళ్ళు మారే కాపురంలాగా ఒకచోటి నుంచి మరొకచోటికి సామాను మోసుకుంటూనే ఉన్నది. అక్షరం విషయంలో లోకమంతా ఒక ఒడంబడికకు కట్టుబడడమూ, సంభాషణ విషయంలో కట్టుబడకపోవడమూ ఇందుకు కారణాలు.

బల్ల అనే ఊహ

కంప్యూటరు తెరను "డెస్కుటాపు" అనడం మనకు అలవాటే. ఆ మాటకు బల్ల పైభాగమని అర్థం. 1970 ప్రాంతాల్లో అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో ఈ ఊహ రూపుదిద్దుకున్నది. గుమాస్తా బల్లమీద ఏముంటాయి? కాగితాలు, ఫైళ్ళు, పక్కన చెత్తబుట్ట. తెరమీద అవే బొమ్మలుగా కనిపిస్తే యంత్రమంటే భయం పోతుందని వారు భావించారు. 1981లో వెలువడిన జిరాక్సు స్టారు, 1984లో వచ్చిన మెకింటాషు ఈ బల్లను లోకానికి చూపినాయి. 1995లో వచ్చిన విండోస్ దాన్ని ఇంటింటికీ చేర్చింది.

బల్లమీద అన్నీ ఉన్నవి గాని మనిషి లేడు. తపాలా బంట్రోతూ, పక్క బల్ల దగ్గర కూర్చున్న మిత్రుడూ లేరు. అంతమాత్రాన కంప్యూటరు ద్వారా మాట పంపడం అప్పటికి తెలియదని కాదు. ఒకే యంత్రాన్ని పంచుకునేవారి మధ్య ఉత్తరాలు పంపే ఏర్పాటు 1965లోనే మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయంలో ఉండేది. 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి ఉత్తరం పంపి, పేరుకూ ఊరికీ నడుమ నేడు మనమందరం వాడే ఆ చుట్టుగుర్తును పెట్టాడు. 1973లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో "టాకోమాటిక్" అనే ప్రోగ్రాములో అవతలివారు కొడుతున్న ఒక్కొక్క అక్షరమూ అప్పటికప్పుడే కనిపించేది. 1988లో ఫిన్లాండు దేశస్థుడు యార్కో ఓయికారినెన్ పలువురు ఒకచోట చేరి మాట్లాడుకునే "ఐ.ఆర్.సి." అనే పద్ధతిని కనిపెట్టాడు. ఇవన్నీ విద్యాలయాలలోని పండితుల వ్యవహారాలు.

సామాన్యుడి బల్లమీదికి మనిషి వచ్చినది 1996 నవంబరులో. ఇజ్రాయిలుకు చెందిన మిరాబిలిస్ అనే చిన్న సంస్థలోని యువకులు "ఐ.సి.క్యు." అనే ప్రోగ్రామును విడుదల చేశారు. తెర అంచున మిత్రుల పేర్ల పట్టిక ఒకటి నిలిచి ఉంటుంది. ఎవరు తమ యంత్రం ముందు ఉన్నారో, ఎవరు లేరో గుర్తు రంగును బట్టి తెలుస్తుంది. ఉత్తరం రాసే ముందు అవతలివాడు ఇంట్లో ఉన్నాడో లేడో తెలియడం తపాలా చరిత్రలోనే కొత్త సంగతి. దీనిని మనం "సన్నిధి" అనవచ్చును. తరువాత వచ్చిన తక్షణ సందేశ యంత్రాంగానికంతటికీ ఈ సన్నిధే ప్రాణం. 1997లో అమెరికా ఆన్‌లైన్ వారూ, 1998లో యాహూ వారూ, 1999లో మైక్రోసాఫ్టు వారూ తమ తమ మెసెంజర్లతో ఇదే దారి పట్టారు.

నెట్ సెంటరు నాటి ముచ్చట

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించింది. అయిదారేళ్ళలో వీధి వీధికీ నెట్ సెంటర్లు వెలిశాయి. మారతహళ్ళి ఒక పల్లె రూపం వదిలి పట్టణంగా మారుతున్న రోజులు అవే. ఉద్యోగం కోసం వచ్చి పేయింగు గెస్టు గదుల్లో దిగిన మన యువకులకు ఆదివారమంటే ఆంధ్రా మెస్సులో భోజనం, ఆ తరువాత నెట్ సెంటరులో ఒక గంట. కడపలోనో గుంటూరులోనో తండ్రిగారు ముందుగా చెప్పుకున్న వేళకు అక్కడి నెట్ సెంటరుకు వచ్చి కూర్చునేవారు. పక్కన సెంటరు కుర్రవాడు నిలబడి ఆయన చెప్పినది కొట్టిపెట్టేవాడు. అమ్మ వెనకనుంచి "తిన్నాడా అని అడుగు" అనేది. ఇక్కడ ఆ ప్రశ్న ఇంగ్లీషు అక్షరాలలో ప్రత్యక్షమయ్యేది.

ఇంగ్లీషు అక్షరాలలో అన్న మాటను పాఠకులు గమనించాలి. ప్రపంచం చుట్టి క్షణంలో వచ్చిన మాట తెలుగే గాని దాని ఒంటిమీది బట్ట తెలుగుది కాదు. తెలుగు తప్ప చదవనేర్వని అవ్వకు ఆ ఉత్తరం ఒకరు చదివి వినిపించవలసిందే. ఇన్లాండు కవరు నాటికి ఈ దుస్థితి లేదు. యంత్రం ఒక అడుగు ముందుకు వేయించి, లిపి విషయంలో రెండడుగులు వెనక్కు నడిపించిందన్న మాట.

అక్షరం కుదుటపడిన కథ

ఈ లోటును మొదట పట్టించుకున్నవారు ప్రవాసాంధ్రులే. 1990 తరువాతి కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్టు అనే చర్చావేదికలో తెలుగువారి కోసం ఏర్పడిన ప్రత్యేక విభాగంలో పద్యాలనూ, ఊరి సంగతులనూ, వాదోపవాదాలనూ ఇంగ్లీషు లిపిలోనే రాసుకునేవారు. ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు రాస్తే "తల" ఏదో "తాళ" ఏదో పోల్చుకోవడం కష్టం. అందుచేత హ్యూస్టను నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఒక క్రమం ఏర్పరచారు. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం వాడాలో నిర్ణయించి, ఆ రాతను తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామును కూడా తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయం పేరిటనే ఆ పద్ధతికి "ఆర్.టి.ఎస్." అని పేరు వచ్చింది. 1998లో మొదలైన "ఈమాట" వంటి ఇంటర్నెట్టు పత్రికలు ఈ కృషికి కొనసాగింపు.

ఇక స్వదేశంలో ప్రభుత్వం భారతీయ లిపులన్నిటికీ కలిపి "ఇస్కీ" అనే సంకేత పద్ధతిని 1988లో రూపొందించి, 1991లో భారతీయ ప్రమాణంగా ప్రకటించింది. కాని పత్రికలవారూ, అచ్చు యంత్రాలవారూ ఎవరి ఫాంటు వారు చేయించుకున్నారు. ఒకరు ఇంగ్లీషు "కె" ఉండే చోట "క" అక్షరం పెడితే, ఇంకొకరు అక్కడ "ఖ" పెట్టారు. వారి ఫాంటు మన యంత్రంలో ఉంటే తెలుగు. లేకుంటే అర్థంలేని గుర్తుల వరుస. ఒక పత్రికలోని వాక్యాన్ని మెసెంజరులో అతికిస్తే అవతలివారికి కనిపించేది గజిబిజి మాత్రమే.

ఈ చిక్కును విడదీసినది యూనీకోడు. లోకంలోని లిపులన్నిటికీ ఒకే లెక్క ఉండాలని కంప్యూటరు సంస్థలు కూడబలుక్కుని చేసిన పట్టిక ఇది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. ఆ పట్టికలో "అ" అక్షరం సంఖ్య 3077. "క" సంఖ్య 3093. పొల్లు సంఖ్య 3149. "క్క" అని రాయాలంటే యంత్రం 3093, 3149, 3093 అని మూడు సంఖ్యలు పంపుతుంది. వాటిని కలిపి కిందికి ఒత్తు దింపి చూపే బాధ్యత అవతలి యంత్రానిది. మారతహళ్ళిలో కొట్టినా, మెల్బోర్నులో చదివినా 3077 అంటే "అ" తప్ప మరొకటి కాదు. వినడానికి చిన్న సంగతిగా తోస్తుంది గాని తెలుగు రాతకు తాళపత్రం పోయి కాగితం వచ్చినంతటి మార్పు ఇది.

అయితే పట్టిక తయారైనంత మాత్రాన అక్షరం తెరపైకి రాలేదు. పదేళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో "గౌతమి" అనే తెలుగు ఫాంటు ఉన్నది. కాని ఒత్తులు సరిగా కూడాలంటే అమరికలలోకి పోయి సంక్లిష్ట లిపుల గడిలో గుర్తు పెట్టాలి; వెంటనే అది అసలు సీడీ అడిగేది. కార్యాలయంలోనైతే దానికి అనుమతి కావాలి. అందువల్ల ఎందరికో తెలుగు ఉత్తరం డబ్బాల వరుసగానే కనిపించేది. ఈ సంధికాలంలో వ్యక్తుల కృషి మరువరానిది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు "పోతన", "వేమన" అనే ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున పత్రికల ఫాంట్లలోని రాతను యూనీకోడులోకి మార్చే "పద్మ" అనే సాధనాన్ని నిర్మించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ "లేఖిని" అనే పేజీని తెచ్చారు. ఇంగ్లీషు అక్షరాలలో కొడితే పక్కన తెలుగు వస్తుంది. దాన్ని ఎత్తి మెసెంజరులో అతికించుకోవచ్చును. ఏ ఫాంటూ దించుకోకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఆఫీసు కంప్యూటరులో తెలుగు రాయగలిగినది చాలామందికి లేఖినితోనే. హైదరాబాదులోని "స్వేచ్ఛ" సంస్థవారు మరొక మెట్టు ఎక్కి, మెనూలతో సహా బల్ల మొత్తాన్ని తెలుగులో చూపే ఆపరేటింగు సిస్టమును తయారుచేశారు.

ఒక అక్షరానికి ఒక సంఖ్య అనే ఒప్పందం కుదిరినందువల్లనే ఇందరి పని ఒకదానిపై ఒకటి పేర్చుకోవడానికి వీలైంది. ఒకరు ఫాంటు చేస్తే, ఒకరు మార్పిడి సాధనం చేస్తే, ఒకరు రాత పేజీ చేస్తే అన్నీ కలిసి ఒకే తెలుగుగా ఫలించినాయి.

అన్ని మెసెంజర్లూ ఒకే బల్లమీదికి

సంభాషణ కథ దీనికి భిన్నంగా నడిచింది. యాహూలో ఉన్నవాడు ఎం.ఎస్.ఎన్.లో ఉన్నవాడితో మాట్లాడలేడు. అన్నయ్య అమెరికాలో ఒకదానిలో, వదినగారి తమ్ముడు దుబాయిలో మరొకదానిలో, ఆఫీసువారు ఇంకొకదానిలో. దానితో బల్లమీద నాలుగు మెసెంజర్లు, నాలుగు సంకేత పదాలు, నాలుగు గంటల మోత. 1999 జూలైలో మైక్రోసాఫ్టువారు తమ మెసెంజరును విడుదల చేస్తూ అమెరికా ఆన్‌లైన్ సభ్యులతో కూడా మాట్లాడే వీలు కల్పించారు. అవతలివారు తలుపు వేశారు. ఇవతలివారు మరో దారి తీశారు. కొన్ని నెలలపాటు ఈ దాగుడుమూతలు సాగి చివరికి మైక్రోసాఫ్టువారే విరమించుకున్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే తమ మెసెంజరును బల్లకు బిగించి ఇచ్చారు. ఒక సంస్థ తన బల్లమీద తన పెట్టెనే బిగించడం పోటీకి న్యాయం కాదని దక్షిణ కొరియా ప్రభుత్వం 2005 డిసెంబరులో జరిమానా వేసి, ఆ మెసెంజరు లేని విండోసును కూడా అమ్మవలసిందని ఆజ్ఞాపించింది.

దీనికి విరుగుడుగా రెండు ప్రయత్నాలు జరిగినాయి. మొదటిది, అన్ని మెసెంజర్ల భాషలూ నేర్చిన ఒకే ప్రోగ్రాము. 1998లో అమెరికా విద్యార్థి మార్కు స్పెన్సరు మొదలుపెట్టిన "గెయిమ్" క్రమంగా అటువంటిదైంది. 2007లో దాని పేరు "పిడ్జిన్"గా మారింది. 2000లో వచ్చిన "ట్రిలియన్" కూడా ఇదే కోవలోనిది. ఇవి దుభాషీల వంటివి. యజమానులు భాష మార్చినప్పుడల్లా దుభాషీ మళ్ళీ నేర్చుకోవలసిందే.

రెండవది, అందరికీ ఒకే భాష. 1999లో జెరెమీ మిల్లరు "జాబరు" అనే పద్ధతిని ప్రకటించాడు. ఈ-మెయిలులాగానే ఇందులో ఎవరి సర్వరు వారు పెట్టుకోవచ్చును. ఒకరి ఇంటినుంచి మరొకరి ఇంటికి మాట పోతుంది. 2004లో ఇది "ఎక్స్.ఎం.పి.పి." పేరిట ఇంటర్నెట్టు ప్రమాణమైంది. 2005 ఆగస్టులో గూగులువారు తమ టాకును ఈ భాషలోనే మొదలుపెట్టి, 2006 జనవరిలో ఇతర సర్వర్లవారికి తలుపు తెరిచారు. ఆ ఏడే ఒక ఒప్పందం మేరకు యాహూ, మైక్రోసాఫ్టు సంస్థల సభ్యులకు పరస్పరం మాట్లాడుకునే వీలు కలిగింది. 2010లో ఫేసుబుక్కువారు సైతం తమ సంభాషణకు ఈ ద్వారం పెట్టారు.

ఇదే అదనుగా లినక్సు బల్లలు చేసేవారు పాత కోరికను తీర్చుకోబోయారు. వారి ఆలోచన ఇది: సంభాషణ ఒక ప్రోగ్రాము కాదు, బల్లకే ఉండవలసిన గుణం. గడియారం బల్ల అంతటికీ ఒక్కటే అయినట్లు, మిత్రుల పట్టికా ఒక్కటే కావాలి. "టెలిపతీ" అనే యంత్రాంగంలో ఒక్కొక్క నెట్‌వర్కుకు ఒక్కొక్క చిన్న సేవకుడు తెరవెనుక పనిచేస్తాడు. ఒకడు పడిపోయినా మిగతావారి పని ఆగదు. ముందున్న తెరమీద ఏ ప్రోగ్రామైనా, ఫైళ్ళ సంచీ అయినా, ఆట అయినా, వారిని అడిగి "ఫలానావారు ఇప్పుడున్నారా?" అని తెలుసుకోవచ్చును. "ఎంపతీ" అనే మెసెంజరు దీని మీదనే కట్టింది. 2009 అక్టోబరులో ఉబుంటు అనే ప్రసిద్ధమైన లినక్సు కూర్పు దీన్ని స్వీకరించింది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 10.04లో తెరపై మూల వాడుకరి పేరునొక్కితే చాలు, అక్కడినుంచే "ఉన్నాను", "పనిలో ఉన్నాను" అని ఒకేసారి అందరికీ తెలుపవచ్చును. అక్కడే ఉన్న చిన్న గడిలో నాలుగు మాటలు రాస్తే "గ్విబ్బరు" అనే ప్రోగ్రాము వాటిని ట్విట్టరుకూ, ఫేసుబుక్కుకూ చేర్చేది. 2011లో వచ్చిన గ్నోమ్ 3లోనైతే కొత్త మాట తెర అడుగున కనిపిస్తే చేస్తున్న పని వదలకుండా అక్కడే జవాబు రాయవచ్చును.

ఈ కృషిలో మన బెంగుళూరు కేవలం ప్రేక్షకురాలు కాదు. 2001లో "లినక్సు బెంగుళూరు" పేర మొదలై, 2005 నుంచి "ఫాస్.ఇన్"గా 2012 వరకూ ఈ నగరంలో జరిగిన సభలకు ప్రపంచం నలుమూలలనుంచీ ప్రోగ్రాములు రాసేవారు వచ్చారు. 2011 మార్చిలో ఆర్.వి. ఇంజనీరింగు కళాశాలలో కె.డి.ఇ. అనే బల్లను నిర్మించేవారు అయిదు రోజులు సమావేశమైనారు. వారి బల్లమీదా టెలిపతీ పని సాగుతున్న కాలమది. ఈ ప్రోగ్రాముల మెనూలను తెలుగు చేసిన స్వచ్ఛంద సేవకులు ఎందరో. ఆ కాలంలో ఒకే బల్లమీద, ఒకే కీబోర్డు అమరికతో, తెలుగు లిపిలో అమెరికాలోని అన్నకూ, ఆఫీసులోని మిత్రుడికీ ఒక్క చోటినుంచే జవాబు రాయడం నిజంగా సాధ్యమైంది.

తలుపులు మూసుకున్న కాలం

ఆ భాగ్యం ఎంతోకాలం నిలవలేదు. యాహూ, మైక్రోసాఫ్టుల ఒప్పందం 2012 డిసెంబరులో ముగిసింది. 2013లో ట్విట్టరువారు పాత ద్వారాన్ని మూసి కొత్త నిబంధనలు పెట్టారు. ఆ ఏటనే గూగులువారు టాకుకు బదులు హ్యాంగవుట్సును తెచ్చి, మరుసటి ఏటికి ఇతర సర్వర్లతో తెగతెంపులు చేసుకున్నారు. 2015లో ఫేసుబుక్కు ద్వారమూ మూతపడింది. సేవకులు ఉన్నారు గాని తట్టడానికి తలుపులు లేవు. ఎంపతీ పని క్రమంగా ఆగిపోయింది. ఉబుంటు ఆ మెనూను తీసివేసింది.

దీనికి సంస్థలను మాత్రమే నిందించడం న్యాయం కాదు. తెరిచిన తలుపులోనుంచి దొంగ ప్రకటనలూ వచ్చినాయి. బొమ్మలు, గొంతు, దృశ్యం వంటి కొత్త సౌకర్యాలను ఉమ్మడి భాషలో చేర్చడానికి అందరినీ ఒప్పించాలి; ఒక్కరింట అయితే రేపే చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యం, ప్రజలు బల్లను వదిలి చేతి ఫోనుకు మారారు. పైగా, సభ్యుడు తమ వాకిట్లోనే కూర్చుంటేనే ప్రకటనల రాబడి. ఇవన్నీ కలిసి పనిచేసినాయి. ఒక విచిత్రం చూడండి: నేడు మన ఇళ్ళలో తెల్లవారే లోపల శుభోదయాలు మోసుకొచ్చే వాట్సాపు మొదట కట్టింది ఆ ఉమ్మడి భాష ఎక్స్.ఎం.పి.పి. పునాదిమీదనే. పునాది ఉమ్మడిదైనా ప్రహరీ మాత్రం సొంతం.

బల్లమీదికి మనుషులను రప్పించే ప్రయత్నం ఆ తరువాతా జరగకపోలేదు. 2015 జనవరిలో వాట్సాపు కంప్యూటరు తెరపైకి వచ్చింది. 2017లో విండోస్ 10 అడుగు పట్టీమీద ఆప్తుల ముఖాలను నిలిపింది. 2021లో విండోస్ 11 అక్కడే సంభాషణ బొత్తాము పెట్టింది. ఈ రెండు విండోస్ ఏర్పాట్లనూ కొద్ది సంవత్సరాలలోనే తీసివేశారు. ఒక్కొక్క సంస్థ తన పెట్టెను తానే బల్లకు బిగించడమే తప్ప, అన్నిటినీ కలిపే బల్ల మళ్ళీ రాలేదు.

2020 మార్చి 25 మన కుటుంబాలకు మరపురాదు. దేశమంతటా లాక్‌డౌను మొదలైన దినమూ, శార్వరి నామ సంవత్సర ఉగాదీ ఒక్కటే అయినాయి. ఆఫీసు బల్లలు పడకగదులలోకి వచ్చినాయి. పంచాంగ శ్రవణం తెరమీదనే విన్నాము. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల ముఖాలు తెరమీద కనిపించకపోయి ఉంటే ఆ నెలలు ఎట్లా గడిచేవో ఊహించలేము. ఈ సాధనాల విలువ ఎంతటిదో ఆ పండుగ చెప్పింది. అవి మన చేతిలో లేవన్న సంగతిని మాత్రం మనం అంతగా తలపోయలేదు.

పోయిన ఉత్తరాలు

ఆర్కుట్ 2004లో మొదలైంది. 2007 ప్రాంతంలో అందులో తెలుగు లిపిలోనే రాసే వీలు వచ్చినప్పుడు ఎంతో సంబరపడ్డాము. ఊరి పేరిట, కళాశాల పేరిట, కవుల పేరిట వెలసిన సంఘాలలో ఎన్ని కబుర్లు! 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. ఎన్నో ప్రవాసాంధ్ర బృందాలు ఉత్తరాలు నడుపుకున్న యాహూ గ్రూపులలో పాత సామగ్రిని 2019 డిసెంబరులో తొలగించారు. మరుసటి ఏడు ఆ సేవే ఆగిపోయింది. యాహూ మెసెంజరు 2018 జూలైలో నిలిచింది. మన బెంగుళూరులోనే 2020లో పుట్టి, తెలుగుకు చోటిచ్చిన "కూ" 2024 జూలైలో మూతపడింది. అన్నిటికీ ఆద్యమైన ఐ.సి.క్యు. 2024 జూన్‌లో, స్కైపు 2025 మేలో వెళ్ళిపోయినాయి.

మన తాతల ఇన్లాండు కవర్లు ఇప్పటికీ ఏ ట్రంకు పెట్టె అడుగునో దొరుకుతాయి. సిరా వెలిసిపోయినా చదువుకోవచ్చును. కాని 2008లో తొలి జీతం అందిన రాత్రి కొడుకు తండ్రికి రాసిన నాలుగు మాటలు నేడు ఎక్కడున్నాయి? తెలుగు అక్షరమేమో నిలిచింది. దానితో రాసిన ఉత్తరం పోయింది. అక్షరం ఉమ్మడి ఆస్తి, ఉత్తరం ఉన్న ఇల్లు ఇంకొకరిది కావడమే అందుకు హేతువు.

తపాలా చెప్పే పాఠం

ఒకప్పుడు కాగితపు ఉత్తరాలకూ ఇదే గతి. దేశం దేశానికీ విడివిడి ఒప్పందాలు, విడివిడి రుసుములు. 1874లో బెర్ను నగరంలో దేశాల ప్రతినిధులు సమావేశమై తపాలా సమాఖ్యను ఏర్పరచారు. 1876లో భారతదేశం అందులో చేరింది. అప్పటినుంచి ఒక దేశపు బిళ్ళ అంటించిన ఉత్తరాన్ని మరొక దేశపు బంట్రోతు అందజేస్తున్నాడు. ఎవరి తపాలా శాఖ వారిదే. బట్వాడా మాత్రం ఉమ్మడి. యూనీకోడు మన అక్షరానికి చేసినది ఇదే. సంభాషణకు కూడా అటువంటిది రావచ్చుననడానికి ఒక సూచన ఉన్నది. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన చట్టం పెద్ద సందేశ సంస్థలు ఇతరులు కోరితే తలుపు తెరవాలని శాసించింది. 2024 మార్చినుంచి ఆ బాధ్యత అమలులోకి వచ్చింది. అది ఐరోపావారికి మాత్రమే. మన దేశంలో అటువంటి శాసనం లేదు.

అంతవరకూ మన చేతనైన పనులు కొన్ని ఉన్నవి. మొదటిది, రాసేది తెలుగు లిపిలో, యూనీకోడులో రాయడం. అది రేపటి యంత్రం కూడా చదవగలదు. రెండవది, సంఘ సమావేశాల తీర్మానాలూ, సభ్యుల పట్టికలూ, పండుగల ఫోటోలూ సందేశ బృందంలో మాత్రమే ఉంచక, సంఘానికి చెందిన డిస్కులో ఒక ప్రతీ, వేరొకరి ఇంట మరొక ప్రతీ భద్రపరచడం. మూడవది, ముఖ్యమైన ఉత్తరాలకు ఈ-మెయిలును వాడడం. అర్ధశతాబ్దం దాటినా ఎవరి సర్వరునుంచి ఎవరి సర్వరుకైనా మాట చేర్చే ఉమ్మడి తపాలాగా మిగిలినది అదే. నాలుగవది, వాట్సాపులో సంభాషణను ఫైలుగా దించుకునే సౌకర్యం ఉన్నది. ఏటా ఉగాదికి ఇల్లు కడిగి తోరణం కట్టినట్లే, ఆనాడు అమ్మానాన్నలతో జరిపిన సంభాషణను దించి దాచుకోవడం ఒక ఆచారంగా పెట్టుకుంటే బాగుంటుంది. వీలైతే కొన్ని పుటలు అచ్చు తీసి పెట్టెలో వేయండి. మన మనుమలకు ట్రంకు పెట్టె అడుగున దొరకవలసినవి అవే.

మారతహళ్ళిలో ఈ యంత్రాలకు ప్రోగ్రాములు రాసే తెలుగు బిడ్డలు వేలమంది ఉన్నారు. పోతన, వేమన ఫాంట్లు చేసిన చేతులూ, లేఖిని కట్టిన చేతులూ మనవంటివారివే. అక్షరాన్ని ఉమ్మడి చేయడంలో తెలుగువారికి భాగమున్నట్లే, సంభాషణను ఉమ్మడి చేసే పనిలోనూ మన యువకులు పాలుపంచుకుందురు గాక! ఈ నూతన సంవత్సరంలో మీరు ఊరికి పంపిన ప్రతి మాటా చేరుగాక, చేరిన ప్రతి మాటా నిలుచుగాక! పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.